పేతురు కూడా ఆ రాత్రే మాట ఇచ్చాడు

ప్రశ్న: అయ్యగారూ, నా వయసు 32. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. హైదరాబాద్‌లో ఉద్యోగం. భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. సంఘంలో కీబోర్డ్ వాయిస్తాను. 2021 ఐపీఎల్ అప్పుడు ఒక ఫ్రెండ్ బెట్టింగ్ ఐడీ ఇప్పించాడు. మొదట్లో కొంచెం గెలిచాను. ఇప్పుడు అప్పు నాలుగు లక్షలు దాటింది. నా భార్య గాజులు బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి, లాకర్‌లో ఉన్నాయని తను అనుకుంటోంది. ఆన్‌లైన్ జూదం మీద చట్టం వచ్చినప్పుడు దేవుడే తలుపు మూశాడని సంతోషించాను. వారం తిరగకుండానే టెలిగ్రామ్‌లో ఇంకో ఐడీ దొరికింది. ప్రతి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఏడ్చి తీర్మానం చేసుకుంటాను. ఈ ఏడాది అది సంక్రాంతి కూడా దాటలేదు. 21 రోజులు ఉపవాస ప్రార్థన చేశాను. 22వ రోజు జీతం పడింది, ఆ రాత్రే ఆడేశాను. బల్లారాధనలో రొట్టె, ద్రాక్షారసం కోసం చెయ్యి చాపాలంటే భయం. నా రక్షణ అబద్ధమా? ఇది దురాత్మ పనా? ఒక్కోసారి నేను లేకపోతేనే ఇంట్లోవాళ్లకు నయం అనిపిస్తుంది.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ముందు దాని గురించే మాట్లాడతాను.

నువ్వు లేకపోతే ఇంట్లోవాళ్లకు నయం కాదు. నాలుగు లక్షల అప్పు కొన్నేళ్లలో తీరుతుంది. నాన్న లేని లోటు ఆ పాపకు ఎన్నేళ్లయినా తీరదు. ఆ ఆలోచన మళ్ళీ వస్తే, అర్ధరాత్రి అయినా సరే, 14416కి ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ. తెలుగులోనే మాట్లాడతారు. పేరు చెప్పుకోవాల్సిన పని లేదు. విశ్వాసి ఇలాంటి నంబరుకు ఫోన్ చేయడమేమిటి అని సందేహించకు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూర్చుని నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నప్పుడు దేవుడు ఆయనను కోప్పడలేదు, ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టించాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. నీకూ ముందు కావలసింది తిండి, నిద్ర, పక్కన ఒక మనిషి.

ఇక నీ రక్షణ గురించి. పాపంలో హాయిగా ఉన్నవాడు ఇలాంటి ఉత్తరం రాయడు. రోమా పత్రిక ఏడో అధ్యాయంలో "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అన్నవాడు పౌలు. అధ్యాయం చివర "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను?" అంటాడు. ఆ వెంటనే ఎనిమిదో అధ్యాయం "క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు" అని మొదలవుతుంది. ఏడో అధ్యాయంలో ఉన్న మనిషికే ఎనిమిదో అధ్యాయం రాశాడు. ఇంతకంటే దీని మీద నేను ఎక్కువ చెప్పను, ఎందుకంటే నీ అసలు సమస్య ఇది కాదనుకుంటున్నాను. ఆ తీర్మానాల సంగతే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది.

ఐదేళ్లుగా నువ్వు ప్రభువుకు మాట ఇస్తున్నావు. అది నిలవడం లేదు. నిలవనప్పుడల్లా ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త కన్నీళ్లతో మళ్ళీ మాట ఇస్తున్నావు. యేసును పట్టుకున్న రాత్రి ఆయన శిష్యుడు పేతురు కూడా సరిగ్గా ఇదే చేశాడు. "నేను నీతోకూడ చావవలసివచ్చినను నిన్ను ఎరుగనని చెప్పను" అన్నాడు. అందులో వేషం ఏమీ లేదు. మనసారా అన్నాడు. కోడి కూసేలోపు మూడుసార్లు బొంకాడు. కానీ లూకా సువార్త 22వ అధ్యాయం చూడు. పేతురు మాట ఇవ్వకముందే యేసు ఆయనతో ఒక మాట అన్నాడు: "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని." పేతురు పడిపోతాడని తెలుసు. అయినా ముందే ప్రార్థన చేసి పెట్టాడు. "నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచుము" అని పని కూడా అప్పగించాడు. పడకముందే లేచిన తర్వాతి పని! పేతురును నిలబెట్టింది పేతురు ఇచ్చిన మాట కాదు, యేసు చేసిన ప్రార్థన. నువ్వు ఐదేళ్లుగా నీ మాటను పట్టుకుని వేలాడుతున్నావు. దాన్ని వదిలెయ్. డిసెంబరు 31 రాత్రి ఇంక ఒట్టు పెట్టుకోకు.

మాట నిలబెట్టుకోలేనప్పుడు ఏం జరుగుతుందో చూపించే ఇంకో మనిషి ఉన్నాడు. బైబిల్లో మనిషి కాదు, పదహారు వందల ఏళ్ల కిందటివాడు. పేరు అలీపియస్. ఇప్పటి అల్జీరియాలో ఉన్న తగస్తే అనే ఊరివాడు, తర్వాత సంఘానికి గొప్ప బోధకుడైన అగస్టీన్‌కు ప్రాణస్నేహితుడు. అతని కథ అగస్టీనే రాశాడు. అలీపియస్ చదువు కోసం రోమ్ వెళ్లాడు. అక్కడ ఖడ్గవీరులు ఒకరినొకరు చంపుకునే పోటీలు జరిగేవి. వాటంటే అతనికి అసహ్యం. ఒకరోజు స్నేహితులు బలవంతంగా లాక్కెళ్లారు. "నా శరీరాన్ని తీసుకెళ్లి కూర్చోబెట్టగలరు, నా కళ్లను మాత్రం అటు తిప్పలేరు" అన్నట్టు వెళ్లి కూర్చుని గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ఎవడో కింద పడ్డాడు. జనం ఒక్కసారిగా అరిచారు. ఏమైందో ఒక్కసారి చూద్దాం, చూసి అసహ్యించుకుందాం అని కళ్లు తెరిచాడు. అంతే. ఆ రక్తాన్ని చూస్తూ తాగినవాడిలా మైకంలో ఉండిపోయాడు. ఆ తర్వాత తనే ఇతరులను వెంటబెట్టుకుని వెళ్లాడు.

ఎందుకు పడ్డాడు? చెవులు మూసుకోవడం మరిచిపోయాడు అంటాడు అగస్టీన్. దేవుణ్ణి నమ్ముకోవలసింది పోయి తన గట్టిదనాన్ని నమ్ముకున్నాడని కూడా అంటాడు. నాకు మాత్రం దాని కంటే ముందు జరిగిందే కనిపిస్తుంది. అతను ఓడిపోయింది కళ్లు తెరిచినప్పుడు కాదు. ఆ జనంలో వెళ్లి కూర్చున్నప్పుడే.

ఇప్పుడు నీ ఉత్తరం మళ్ళీ చదువు. జీతం పడిన రోజు. రాత్రి. చేతిలో ఫోన్, అదే యూపీఐ, అదే టెలిగ్రామ్. ఇంట్లో ఎవరికీ తెలియదు. వీటి మధ్య కూర్చుని గట్టిగా కళ్లు మూసుకుని "ప్రభువా కాపాడు" అంటున్నావు. మొదటి కొరింథీ 10:13 నీకు కంఠతా వచ్చే ఉంటుంది: "సహింపగలుగుటకు ఆయన శోధనతో కూడ తప్పించుకొను మార్గమును కలుగజేయును." ఆ మార్గం రాత్రి పదకొండు గంటలకు, మ్యాచ్ చివరి ఓవర్లో ఉన్నప్పుడు ప్రత్యక్షమవుతుందని మనం ఎదురుచూస్తాం. నా అనుభవంలో అది సాయంత్రం ఆరింటికే తెరిచి ఉంటుంది. పదకొండుకల్లా మనమే దాన్ని దాటి చాలా దూరం వచ్చేసి ఉంటాం. పోతీఫరు భార్య తన వస్త్రం పట్టుకున్న రోజు యోసేపు ఆ ఇంట్లో నిలబడి శోధనతో వాదించలేదు. పై వస్త్రం ఆమె చేతిలో ఉన్నా వదిలేసి బయటికి పరుగెత్తాడు.

నా అనుభవం అన్నాను కదా, అదీ చెప్తాను. నేను 19 ఏళ్లు సిగరెట్లు తాగాను. అందులో ఎనిమిదేళ్లు ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెబుతూ తాగాను. క్లాసుకు ముందు యాలకులు నమిలేవాణ్ణి. ఎన్ని గుడ్ ఫ్రైడేలు శపథం చేశానో లెక్క లేదు. మానేసిన సంవత్సరం మాత్రం శపథం చేయలేదు. సంఘంలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. రోజూ సాయంత్రం ఆరింటికి నాకు ఫోన్ చేసేవాడు. "ఈరోజు ఎన్ని?" అనేవాడు. అంతే. సున్నా అని మొదటిసారి చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు అబద్ధం చెప్పి, మర్నాడు నేనే ఫోన్ చేసి సరిచేసుకున్నాను. ఆ సరిచేసుకున్న రోజులే నన్ను మార్చాయని ఇప్పటికీ అనుకుంటాను.

"మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి, మీరు స్వస్థతపొందునట్లు ఒకనికొరకు ఒకడు ప్రార్థనచేయుడి" అని యాకోబు రాశాడు. క్షమాపణ కోసం దేవుని దగ్గర ఒప్పుకుంటాం, ఆయన క్షమిస్తాడు. స్వస్థత దగ్గరికి వచ్చేసరికి యాకోబు ఇంకో మనిషిని మధ్యలోకి తెచ్చాడు. మన సంఘాల్లో ఇది దాదాపు పోయింది. సాక్ష్యం చెప్పమంటే అందరూ గెలిచిన తర్వాతి కథే చెబుతారు. "నేను పూర్వం తాగేవాణ్ణి, ఇప్పుడు ప్రభువు విడిపించాడు" అంటారు. "నిన్న కూడా తాగాను, నాకోసం ప్రార్థన చేయండి" అని లేచి నిలబడే చోటు మన దగ్గర లేదు. అందుకే నీలాంటివాళ్లు కీబోర్డ్ వెనక ఒంటరిగా మిగిలిపోతారు. ఇది నీ ఒక్కడి తప్పు కాదు, మా పెద్దల తప్పు కూడా.

కాబట్టి నువ్వు చేయవలసిన మొదటి పని నీ భార్యకు చెప్పడం.

ఇది చదవగానే నీ గుండె జారిపోయి ఉంటుందని తెలుసు. అయినా వేరే దారి లేదు. గాజుల సంగతి బ్యాంకు నోటీసు ద్వారా తెలిసేలోపు నీ నోటి ద్వారా తెలియాలి. పాప పడుకున్నాక, టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చో. ముందే ఒక కాగితం మీద మొత్తం రాసుకో: ఎవరికి ఎంత, ఏ యాప్‌కి ఎంత, గాజుల మీద ఎంత. సగం చెప్పి సగం దాచకు. సగం నిజం తర్వాత బయటపడితే మొదటి అబద్ధం కంటే ఎక్కువ బాధపెడుతుంది. ఫ్రెండ్ ఇప్పించాడని, టెన్షన్ వల్ల అని, నాన్న పోయాక అని కారణాలు చెప్పకు. చేసింది నేనే, దాచింది నేనే, ఇది లెక్క, ఇక నుంచి డబ్బు నీ చేతిలో ఉంటుంది అని చెప్పు.

ఆమె ఏడవచ్చు, అరవచ్చు, పాపను తీసుకుని వాళ్ల అమ్మగారింటికి వెళ్లొచ్చు. వెళ్లనివ్వు. ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయకు. డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమని వాక్యం ఉంది కదా అని ఆమె ముందు ఎత్తకు. ఆ వాక్యం పేతురు తన గురించి తాను అడిగితే యేసు పేతురుకు చెప్పింది. అప్పు చేసినవాడు అప్పిచ్చినవాడికి చదివి వినిపించడానికి కాదు. ఆమె క్షమించడానికి పట్టే సమయం ఆమెది. ఈలోపు నువ్వు నిజం చెబుతూ ఉండాలి, అంతే. ఇంకో సంగతి, ఆమెను నీకు పోలీసును చేయకు. రోజూ ఆమె నీ ఫోన్ చెక్ చేసే పరిస్థితి వస్తే ఇద్దరూ నలిగిపోతారు. రోజూ లెక్క అడిగే మనిషి వేరే ఉండాలి. మీ పాస్టరు గారు నోరు జాగ్రత్త ఉన్న మనిషి అయితే ఆయన. కాకపోతే సంఘంలో నీకంటే వయసులో పెద్ద, తానూ ఒకప్పుడు పడి లేచిన మనిషి ఎవరైనా. ఆడవాళ్లు వద్దు, నీ వయసు కుర్రాళ్లు కూడా వద్దు.

డబ్బు సంగతి వాక్యం సంగతి కంటే తక్కువది కాదు. జీతం పడే ఖాతా నీ ఫోన్లో లేకుండా చెయ్యి, అందులోంచి చెల్లింపులు ఆమె ఫోన్ నుంచే జరగనివ్వు. నీ దగ్గర వారానికి బస్సుకు, టీకి సరిపడే డబ్బు ఉంటే చాలు. టెలిగ్రామ్ తీసెయ్. ఐడీ ఇచ్చిన ఫ్రెండ్‌కు ఒక్క మెసేజ్ పెట్టి నంబరు బ్లాక్ చెయ్యి. స్మార్ట్‌ఫోన్ రాత్రి తొమ్మిదికి వంటింట్లో చార్జింగ్‌కు పెట్టి పడుకో. నీ మనసు గట్టిదో కాదో ఇక్కడ లెక్కలోకే రాదు. అలీపియస్ ఆ పోటీలకు వెళ్లకుండా ఇంట్లోనే ఉండిపోతే ఎలా ఉండేదో ఆలోచించు. "శరీరేచ్ఛలను నెరవేర్చుకొనుటకు శరీరము విషయమై ఆలోచన చేసికొనకుడి" అని రోమా పత్రిక 13వ అధ్యాయం చివర ఉంది. మిలాన్‌లో ఒక తోటలో అగస్టీన్‌ను మార్చిన వాక్యం అదే. ఆ రోజు తోటలో పక్కన ఉన్నది కూడా ఈ అలీపియసే. అగస్టీన్ లేచి మొట్టమొదట చెప్పింది ఆయనకే. 387లో ఇద్దరూ కలిసి బాప్తిస్మం పొందారు. తర్వాత అలీపియస్ సొంత ఊరికే బిషప్ అయ్యాడు. రక్తం చూసి మైకంలో పడ్డవాడు!

అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేయకు. "ఒక్కసారి పెద్దది కొడితే అన్నీ తీరిపోతాయి" అనే మాట నీ తలలో వినిపిస్తే, పోయినదాన్ని రాబట్టుకుందామనే ఆ మాటే నిన్ను వేల నుంచి లక్షల్లోకి తెచ్చిందని గుర్తు చేసుకో. లోన్ యాప్‌లవాళ్లు ఫొటోలు మార్చి అందరికీ పంపుతామని బెదిరిస్తే భయపడి కట్టకు, 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వు. మిగతా అప్పులకు వాయిదాలు అడుగు. సుంకపు అధికారి జక్కయ్య "నాలుగంతలు మరల చెల్లింతును" అన్నది యేసు ఇంటికి వచ్చిన తర్వాత, ఆ సంతోషంలో. కట్టిన తర్వాతే వస్తానని ప్రభువు షరతు పెట్టలేదు. నువ్వు కూడా అప్పు తీరాక దేవుడి దగ్గరికి వెళ్దామని ఆగకు. ముందు వెళ్లు, తర్వాత కట్టు.

దురాత్మా అని అడిగావు. సాతాను శోధిస్తాడు, అందులో అనుమానం లేదు. కానీ జూదం అలవాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రుగ్మతల జాబితాలో పెట్టింది. గెలుపు ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే మెదడును కట్టిపడేస్తుంది. పది ఓటముల మధ్య ఒక్క గెలుపు చాలు, మనిషి మళ్ళీ వెళ్తాడు. మానసిక వైద్యులు దీనికి చికిత్స చేస్తారు. హైదరాబాద్‌లోనే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్లడం విశ్వాసం తగ్గినట్టు కాదు. పౌలు పక్కనే లూకా ఉండేవాడు, ఆయన్ను "ప్రియుడైన వైద్యుడు" అనే పిలిచాడు. విడుదల ప్రార్థనకు ఇంత కానుక అని ముందే రేటు చెప్పే చోటికి మాత్రం వెళ్లకు. అక్కడ నీకు ఇంకో అప్పు మిగులుతుంది.

ఉపవాసం ఎందుకు పనిచేయలేదంటావా? పనిచేసింది. 21 రోజులు నువ్వు ఆడలేదు. కానీ యేసు ఒక ఇంటి గురించి చెప్పాడు, గుర్తుందా? ఊడ్చి, అమర్చి, ఎవరూ లేకుండా ఉన్న ఇల్లు. వెళ్లిపోయిన అపవిత్రాత్మ తిరిగి వచ్చి చూసి, ఇంకా ఏడింటిని వెంటబెట్టుకొచ్చింది. 22వ రోజు నీ ఇల్లు అలాగే ఉంది, శుభ్రంగా, ఖాళీగా. మ్యాచ్ టైముకు నువ్వు ఎక్కడ ఉంటావు, ఎవరితో ఉంటావు అనేది ఖాళీ వదలకు. పాపను ఎత్తుకుని బయటికి నడిచి రా. బుధవారం కూడిక ఉంటే వెళ్లు. ఎవరూ లేకపోతే ఆ లెక్క అడిగే పెద్దాయన ఇంట్లో వెళ్లి కూర్చో.

బల్ల దగ్గర చెయ్యి చాపడానికి భయం అన్నావు. పౌలు "తన్ను తాను పరీక్షించుకొనవలెను" అని రాసి ఆగలేదు. "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అని రాశాడు. పరీక్షించుకుని దూరంగా ఉండమనలేదు. నీ భార్యకు చెప్పిన తర్వాతి ఆదివారం ధైర్యంగా వెళ్లి తీసుకో. కీబోర్డ్ మాత్రం కొన్ని నెలలు పక్కన పెట్టు. శిక్షగా కాదు. నీకు ఇప్పుడు అందరి ముందు కూర్చునే చోటు కాదు, జనంలో కూర్చుని పాడే చోటు కావాలి. పాస్టరు గారికి కారణం నువ్వే చెప్పు, ఎవరో చెప్పే దాకా ఆగకు.

మళ్ళీ పడితే? పడవచ్చు. నిన్ను మభ్యపెట్టను. "నీతిమంతుడు ఏడుమారులు పడినను తిరిగి లేచును" అని సామెతల గ్రంథంలో ఉంది. పడని నీతిమంతుడి గురించి అక్కడ రాయలేదు. పడితే ఆ గంటలోనే ఫోన్ చేసి చెప్పు. తెల్లవారనివ్వకు, ఆదివారం దాకా ఆగకు. దాచిన గంట ఎంత పెద్దదైతే తర్వాతి పందెం అంత పెద్దదవుతుంది.

ఈ రాత్రి యోహాను 21వ అధ్యాయం చదువు. పేతురు బొంకినప్పుడు ఒక బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటున్నాడు. మరణం నుంచి లేచిన ప్రభువు సముద్రపు ఒడ్డున మళ్ళీ బొగ్గుల నిప్పులు వేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి పిలిచాడు. ఇంకెప్పుడూ అలా చేయనని మాట ఇవ్వు అని అడగలేదు. నన్ను ప్రేమించుచున్నావా అని అడిగాడు, మూడుసార్లు. అది చదివి, కాగితం తీసుకుని, ఆ అప్పుల లెక్క రాయడం మొదలుపెట్టు. రేపు రాత్రి పాప పడుకున్నాక ఆ కాగితం నీ చేతిలో ఉండాలి. ఆమెతో మాట్లాడిన తర్వాత నాకు రాయి. ఆమె ఏమన్నా సరే, రాయి. నేను, నా భార్య మీ ముగ్గురి కోసం రోజూ ప్రార్థన చేస్తుంటాం.